శుక్రవారం జల్లెడ

27-6-86, శుక్రవారం

ఈ డైరీ జనవరిలో ఫైనా అమ్మగారు ఇచ్చింది. తెచ్చి చీరల కింద పెట్టేశాను. ఐదో తరగతి చదివినదానికి రాసుకునేదేముంటుందనుకున్నాను. ఇవాళ ఉంది. ఎవరికీ చెప్పుకోలేనిది.

జల్లెడ సంగతి.

మూడేళ్ళ నుంచి ఆ రష్యా వాళ్ళింట్లో వంట నాది. దొరగారు స్టీలు ప్లాంటు కట్టడానికి వచ్చిన ఇంజనీరు. ప్రతి శుక్రవారం అమ్మగారు ఒక రొట్టె చేయిస్తుంది. ఆవిడ హల్లా అంటుంది, నేను జడరొట్టె అంటాను. మైదాలో గుడ్లు, నూనె, పంచదార, ఈస్టు వేసి కలిపి, పొంగాక పాయలు తీసి జడలా అల్లాలి. పొద్దు గుంకేలోపు కాలిపోవాలి. అప్పుడు అమ్మగారు వీధి కిటికీ మూసి రెండు కొవ్వొత్తులు వెలిగిస్తుంది. వాళ్ళ దేశంలో సర్కారుకి ఈ పూజలు గిట్టవట, ఎవరికీ చెప్పొద్దని మొదట్లోనే పెదవి మీద వేలు పెట్టి చూపించింది. నేను చెప్పలేదు. కలపడం నాది, అల్లడం నాది. చిన్నప్పుడు గోగునారతో పలుపుతాళ్ళు పేనిన చేతులివి, ఆరు పాయల జడ ఒక్కసారి చూపిస్తే పట్టేశాను. అల్లే ముందు అమ్మగారు చిన్న ముద్ద తుంచి మంటలో పడేసి ఏదో అనుకుంటుంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. మా అమ్మా మొదటి ముద్ద పొయ్యికి పెట్టకుండా ఎవరికీ వడ్డించేది కాదు.

ఇవాళ ఆ ఇంట్లో జల్లెడ చిరిగింది. వానలకి మైదా అంతా పురుగు. గిన్నెలు తోమే తాయారు అక్కడే ఉంది. దాన్ని ఆ పనిలో పెట్టించింది నేనే. మా వీధి పిల్ల, మొగుడు ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు మోస్తాడు, ఇద్దరు పిల్లలు అని జాలిపడ్డాను.

“అత్తా, మీ ఇంట్లో ఇత్తడి జల్లెడున్నాది కదేటి, పరిగెట్టుకెల్లి తెచ్చీనా?” అంది.

“శుక్రవారం పూట జల్లెడ గడప దాటిత్తారేటే? ఉప్పు, సేట, జల్లెడ, ఇయ్యి ఇచ్చీకూడదు. లచ్చిమి ఎలిపోద్ది.”

“రొట్టి కోసం కదత్తా. దేవుడి రొట్టి.”

“ఆళ్ళ దేవుడు ఆళ్ళకి. మాయమ్మ నా పెళ్ళికిచ్చిన జల్లెడది.”

అది చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి వాళ్ళింట్లోంచి రేకు జల్లెడ పట్టుకొచ్చింది. తడిసి ముద్దయిపోయి వచ్చింది. అమ్మగారు దాన్ని దగ్గరకు తీసుకుని ఈ చెంపా ఆ చెంపా ముద్దు పెట్టుకుంది.

మూడేళ్ళలో నన్ను ఒకసారి పెట్టుకుంది. ఒక చెంపే.

28-6-86

చేతులు బాగానే ఉన్నాయి. వాన చలికి కాస్త బిగిశాయి, అంతే.

1-7-86, మంగళవారం

అమ్మగారు మిషను కొంటుందట.

వాళ్ళ దేశం నుంచి ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. వాళ్ళూ కిటికీ మూసుకునేవాళ్ళేనట. ఇక మీద శుక్రవారానికి ఒకటి కాదు, ఆరు రొట్టెలు. రంగు బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు తెరిచింది. గిన్నె పైన తల వంచుకుని ఒక మిషను. కొక్కెంలాంటిది గిన్నెలో గిరగిరా తిరిగి పిండి కలుపుతుందట. పక్క పేజీలో మరతో తిప్పే జల్లెడ.

“పిండి ఎక్కువ. బాబుష్క చేయి నొప్పి,” అంది. బాబుష్క అంటే అమ్మమ్మ.

“నొప్పి లేదమ్మా,” అన్నాను.

నా చేతి వేళ్ళు పట్టుకుని ఒక్కోటీ వంచి చూడబోయింది. లాక్కున్నాను. ఎవరో చెప్పి ఉండాలి. ఎవరు చెబుతారు? చట్నీ రుబ్బుతుంటే పక్కనుండి చూసేది తాయారొక్కతే.

మిషను వస్తే మీట నొక్కడానికి నేనెందుకు? తాయారు చాలు. ముప్పైయేళ్ళ మనిషి, ఆరోగ్యం, నవ్వు ముఖం. నేను తమ్ముడింటికి పోయి మరదలి చేతి అంబలి తాగాలి. మా ఆయన పోయినప్పుడు రెండు నెలలున్నాను అక్కడ. గ్లాసు కింద పెట్టే చప్పుడులోనే చెప్పేసేది, ఎన్నాళ్ళుంటావని.

తాయారు అక్కడే నిలబడి, “మా అన్న ఎల్లాజీ ఆటోనగర్‌లో మిషన్లు కడతాడమ్మా,” అంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ చెప్పింది. ముందే అనుకుని వచ్చిన మాటలాగే ఉంది.

3-7-86, గురువారం

ఆటోనగర్ వెళ్ళాం. ముగ్గురం ఒకే ఆటోలో. అమ్మగారు మధ్యలో కూర్చుంది. తాయారు అటు, నేను ఇటు. అమ్మగారు అటే తిరిగి మాట్లాడింది.

ఎల్లాజీ షెడ్డు అంతా ఇనుప రజను. కూర్చోమని తిరగేసిన డ్రమ్ము మీద గోనె పరిచాడు, అదీ అమ్మగారికే. పిండి రుబ్బే గ్రైండరులోంచి రాళ్ళు తీసేసి, పైనుంచి వంపు కడ్డీ ఒకటి బిగించాడు.

“సూడత్తా, రోలు తిరుగుతాది, ఈ కొక్కెం కదల్దు. పిండి దీనికి సుట్టుకుని సుట్టుకుని సాగుతాది. నీ సెయ్యి సేసీ పనే.”

“నా సేతికి తుప్పు పట్టదురా,” అన్నాను.

“దీనికీ పట్టదు. స్టీలు. అమ్మగారి ప్లాంటు వొచ్చీలోగా మేమే స్టీలు కట్టీసినాం.” పక్క షెడ్డు వాళ్ళు నవ్వారు. అమ్మగారూ నవ్వింది, అర్థమయ్యే నవ్విందో లేదో.

రెండు కిలోల మైదా వేసి తిప్పాడు. లారీ ఇంజనులా మోత. అమ్మగారు పిండి తుంచి వేళ్ళ మధ్య పల్చగా సాగదీసి వెలుతురుకేసి చూసింది. నేనూ చూశాను. చిరగలేదు.

“ఎలా?” అని నన్నడిగింది.

“మోతమ్మా. చాలా మోత. పక్కింటి వాళ్ళు వింటారు,” అని చెవి మీద చెయ్యి పెట్టి చూపించాను. కిటికీ మూసుకునే మనిషి కదా. ముఖం వాడిపోయింది. నేనన్నది అబద్ధం కాదు, మోతే.

మరతో తిప్పే జల్లెడ మాత్రం ఎల్లాజీ దగ్గరే తీసుకుంది. రేకు డబ్బా అడుగున వల, పక్కన తిప్పే పిడి. పురుగు ఒక్కటి కూడా కిందికి దిగదు. మంచిదే. ఇత్తడిది కాదు.

4-7-86, శుక్రవారం

ఆరు రొట్టెలు. నాలుగు నేను కలిపాను, రెండు తాయారు కలిపింది. నేను కలపమనలేదు. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి మొదలుపెట్టేసింది.

దాని ముద్దలూ పొంగాయి.

చేతులకేమీ కాలేదు. కొబ్బరినూనె రాసుకున్నాను. ఈ పేజీ రాయడానికి పెన్ను నిలవకపోతే అది పెన్ను తప్పు.

7-7-86, సోమవారం

ఇవాళ నేనూ అమ్మగారూ మాత్రమే. దొరగారు పని మీద భిలాయి వెళ్ళారు. పోర్టు దగ్గర ఓడ సామాన్లు అమ్మే కొట్టొకటుంది, గురువులుది. ఓడల్లో వచ్చిన గడియారాలు, రేడియోలు, సెంట్లు. దారి నాకు తెలుసు, మా ఆయన కొన్నాళ్ళు అక్కడ కాపలా ఉన్నాడు. నేనే తీసుకెళ్ళాను. తాయారుకి తెలియదు.

బొమ్మల పుస్తకంలో ఉన్నదే ఉంది! తెల్లగా, కొంగలా మెడ వంచుకుని. అమెరికా నుంచి వచ్చిన ఓడలోదట. అమ్మగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కొక్కెం తీసి చూసింది, గిన్నె తీసి చూసింది, దాని మీదున్న అక్షరాలు చదవబోయి రావన్నట్టు చేతులు విప్పింది. వాళ్ళ అక్షరాలు వేరు.

తర్వాత ఆవిడ అద్దాల బీరువాలో గాజు సామాను చూస్తోంది. అప్పుడు గురువులు నాతో అన్నాడు.

“రావలచ్చమ్మా, ఒక్క మాట. ఇది ఆ దేశం కరెంటుది. మన గోడకి తిన్నగా ఎట్టీకూడదు, మాడిపోద్ది. కరెంటు తగ్గించీ డబ్బా ఒకటి మజ్జిలో ఎట్టాల. నాకాడ లేదు, ఎలట్రికల్ షాపులో దొరుకుద్ది. మేడం గారికి తెలుగు తెల్దు, నువ్వు సెప్పు.”

“సెప్తాను,” అన్నాను.

ఆవిడ తిరిగి వచ్చి, “బాబుష్క? ఇదా, ఎల్లాజీదా?” అని అడిగింది. నన్నే అడిగింది. తాయారు లేని చోట నన్ను అడిగింది.

“ఇదే అమ్మా. ఇదే మంచిది. మోత లేదు,” అన్నాను.

ఇంటిదాకా మిషను నా ఒడిలోనే పెట్టుకొచ్చాను. డబ్బా మాట రేపు చెప్పొచ్చు. వాడేది శుక్రవారమే కదా.

8-7-86

మర్చిపోయాను.

9-7-86

అమ్మగారు మిషను మీద పూల గుడ్డ కప్పింది. చెబుదామనుకున్నాను. తాయారు వచ్చి గుడ్డ ఎత్తి చూసి, “మా అన్నది వొద్దన్నావంట కదత్తా,” అంది. నవ్వుతూనే అంది. దాని ముందు చెప్పడం ఎందుకని ఊరుకున్నాను.

గురువులు మాటలు పూర్తిగా నమ్మడానికి లేదు. డబ్బా అమ్మించుకోవడానికి అలా చెబుతుంటారు.

10-7-86

నిజంగా మర్చిపోయాను. పెద్దదాన్ని. మరుపు సహజం.

11-7-86, శుక్రవారం

అమ్మగారు స్నానానికి వెళ్ళింది. నేను మైదా జల్లిస్తున్నాను, ఎల్లాజీ జల్లెడతోనే. తాయారు గిన్నెలో పిండి వేసింది, గుడ్లు కొట్టింది, నూనె పోసింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుంది.

“ఎట్టీనా అత్తా?”

“అమ్మగారొచ్చీదాకా ఆగవే,” అన్నాను. అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. జల్లెడ మర చప్పుడులో దానికి వినబడలేదేమో.

మిషను ఒక్క అరుపు అరిచింది. కొక్కెం ఎప్పుడూ చూడనంత జోరుగా తిరిగి, పిండి గోడకి కొట్టింది. నల్లటి పొగ. తాయారు వైరు పట్టుకుని లాగింది. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇల్లంతా గోనె కాలిన కంపు.

అమ్మగారు తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది. మిషను వంకా తాయారు వంకా చూసింది. “ఏం చేసావు? ఏం చేసావు?”

తాయారు వేళ్ళు ఊదుకుంటూ, “నానేటీ సెయ్యలేదమ్మా, ప్లగ్గెట్టినాను,” అంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. అమ్మగారికి అర్థమయ్యే మాటలు ఏరి ఏరి అన్నాను.

“అమ్మా, ఎల్లాజీ మిషను కొనలేదు. తాయారుకి కోపం.”

తాయారు నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను.

నాలుగు రొట్టెలే అయ్యాయి. ఒక్కదాన్నే కలిపాను. అమ్మగారు మంటలో ముద్ద వేస్తూ చాలాసేపు నిలబడింది.

12-7-86

అమ్మగారు తాయారును ఇక రావద్దంది. నాకు సంతోషంగానే ఉంది. వంటిల్లు శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. గిన్నెలు కూడా నేనే తోమాను.

14-7-86, సోమవారం

తాయారు మా ఇంటికి వచ్చింది. వేళ్ళకి గుడ్డ కట్టుకుంది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప మీదే కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

“అత్తా, నీకు నామీద కోపమేటో నాకు తెల్దు. ఏదన్నా అనీసుంటే సెమించు. నువ్వు సెప్తే అమ్మగారింటాది. దాని తప్పేటీ లేదు, మిషనులోనే ఏదో ఉన్నాది అని ఒక్క మాట సెప్పు. మా అన్న అంటన్నాడు, మన కరెంటు దానికి సరిపడ్డాదో లేదో అని.”

“ఆడికెలా తెల్సు? సూసినాడా?”

“సూడ్డానికి అమ్మగారు రానిస్తాదేటి? దొంగ సెల్లెలి అన్న కదా.”

“సూద్దాంలే,” అన్నాను.

లేస్తూ లేస్తూ నా చేతులు చూసింది. “ఆముదం ఏడి సేసి రాయత్తా, కొబ్బరి నూని పన్సెయ్యదు. అమ్మగారికి నేనే సెప్పినాను, నీ సేతులు నొప్పెడతన్నాయని. నువ్వు సెప్పవు కదా అని సెప్పినాను. అందుకే మిషను కొన్నాది.”

వెళ్ళిపోయింది.

అదే చెప్పిందని నాకు ముందే తెలుసు. ఎందుకు చెప్పిందో తెలియదు. తెలిసి ఉంటే

15-7-86

దొరగారు శనివారం వస్తున్నారట. వచ్చాక ఆ కొట్టుకి వెళ్ళి అడుగుతారట.

16-7-86

సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను. ఏమని మొక్కుకున్నానో రాయను.

18-7-86, శుక్రవారం

ఆరు రొట్టెలు చెయ్యాలి, ఇద్దరం. అమ్మగారు జల్లించింది. నేను పిండిలో చేతులు పెట్టాను. మొదటి ముద్ద సగం కలిపేసరికి కుడి చేతి వేళ్ళు మూసుకుపోయాయి. తెరుచుకోలేదు. పిండిలో అలా ఇరుక్కుని ఉన్నాయి, నావి కానట్టు.

అమ్మగారు వచ్చి నా వేళ్ళని ఒక్కోటీ విడదీసింది. వేడినీళ్ళ గిన్నెలో పెట్టింది. కోప్పడలేదు. “పర్వాలేదు, బాబుష్క. ఈ శుక్రవారం రొట్టె లేదు,” అంది. మూడేళ్ళలో రొట్టె లేని శుక్రవారం లేదు. తనకి ఒంట్లో బాగోలేని రోజుల్లో కూడా చేయించింది.

నీళ్ళలో చేతులు పెట్టుకునే చెప్పాను.

“అమ్మా, తాయారు తప్పు లేదు. కొట్టతను సెప్పినాడు. ఈ మిషనుకి వేరే కరెంటు అని. డబ్బా కావాలని. నాకు సెప్పినాడు. నాను మీకు సెప్పలేదు.”

అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. గోడకున్న ప్లగ్గు చూపించి, మిషను చూపించి, నా నోరు చూపించి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు అర్థమైంది.

“ఎందుకు?” అంది.

దానికి మాటేది? కుళ్ళు అన్నాను. ఆ మాట ఆవిడకి తెలియదు. ఓర్వలేక అన్నాను. అదీ తెలియదు. చివరికి ఈ చెంపా ఆ చెంపా వేలితో తట్టి చూపించాను. “తాయారుకి రెండు. నాకు ఒకటి.”

అరవైయేడేళ్ళ మనిషిని. సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మగారు నవ్వలేదు. ఏడవలేదు. రెండో చెంప మీద ముద్దు పెడుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, నిజం రాయాలి కదా. పెట్టలేదు. తువ్వాలు ఇచ్చి, గుమ్మం వైపు చూపించి, “పిలువు,” అంది. అంతే.

దొరగారు రేపు కొట్టుకి వెళతారని భయపడి చెప్పానా? కాదు. కాదనే అనుకుంటున్నాను.

ముందు మా ఇంటికి వెళ్ళాను. అలమర మీద నుంచి ఇత్తడి జల్లెడ దించాను. కొంగు కింద పెట్టుకోలేదు, చేత్తోనే పట్టుకుని వీధిలో నడిచాను. పట్టపగలు, శుక్రవారం. ఇద్దరు ముగ్గురు చూశారు.

తాయారు ఇంటి ముందు బట్టలు ఉతుకుతోంది, ఆ కట్టు వేళ్ళతోనే. నిలబడే చెప్పాను, మొత్తం. గురువులు మాట, ఆటోలో ఒడిలో మిషను, శుక్రవారం నేనన్న మాట. బట్ట పిండడం ఆపకుండా విన్నది. నీళ్ళన్నీ కారిపోయాక కూడా పిండుతూనే ఉంది.

“మా పిల్లలు వారం రోజులు గంజే తాగినారత్తా,” అంది.

జల్లెడ చాపాను.

“ఇదేటి?”

“ఉంచీసుకో.”

“ఇయాల శుక్రవారం.”

“తెల్సు.”

“లచ్చిమి ఎలిపోద్ది అన్నావు కదేటి.”

“ఎల్తే నీ ఇంటికే ఎల్తాది. తీసుకో.”

తీసుకుంది. నవ్వలేదు. తడి చేతులతోనే తీసుకుంది, ఇత్తడికి మచ్చలు పడతాయని కూడా చూడకుండా. తీసుకుని నాకంటే ముందు నడిచింది. నా కోసం ఆగలేదు. నేను వెనకాల ఎంత దూరం నడిచానో.

పొద్దు గుంకేలోపు ఐదు అయ్యాయి. ఆరోది అవలేదు. తాయారు కలిపింది, కాలిన వేళ్ళు పైకి ఎత్తిపెట్టి, అరచేతి మడమతో. నేను పాయలు అల్లాను. అల్లడానికి నా వేళ్ళు ఒప్పుకున్నాయి. ఒకసారి దాని చేతి కింద ముద్ద గట్టిగా ఉందని చెప్పబోతే, “తెల్సు,” అంది. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే. అమ్మగారు చిన్న ముద్ద తుంచి, మంటలో వేసే ముందు ఎందుకో మా ఇద్దరి వంకా చూసింది.

సోమవారం ఎల్లాజీ మిషను వస్తుంది. మోత వస్తే కిటికీకి దుప్పటి అడ్డం కడదామంది అమ్మగారు. నన్ను రావద్దనలేదు. రమ్మనీ అనలేదు. అల్లేవాళ్ళు కావాలి కదా. తాయారుకి ఇంకా అల్లిక రాదు. నేర్పమంటే నేర్పాలి.

రొట్టెలు బాగా పొంగాయి. నేను కలిపిన వాటికంటే ఎక్కువేమీ కాదు.

19-7-86, శనివారం

అంబలికి చోడిపిండి, అదే రాగిపిండి, జల్లించుకోవాలి. అలవాటుగా అలమర మీద చెయ్యి పెట్టి చూశాను. గుండ్రంగా దుమ్ము లేని చోటు ఒకటే ఉంది.

తాయారింటికి వెళ్ళి అడగాలి. శనివారం ఇవ్వకూడదని ఎక్కడా లేదు. అయినా ఇస్తుందో, ఇవ్వదో.